మూడో తాళం

ఈ ఏడు ఇది మూడోసారి
నస్తరన్ గారి దర్వాజకు తాళం మార్చడం.
ఆక్టన్‌లో వాన, సన్నగా, ఎవర్నీ అడగకుండా.
పాత తాళం పాడవలేదు, దాని మీద ఒక్క గీత కూడా లేదు.
"అయినా మార్చు యాదగిరీ."
ఆమె భాషలో నా పేరుకి నేర్చుకోవడం అని అర్థమట.
మా వైపు అది దేవుడి గుట్ట అంటే నవ్వింది.
"దేవుడి పేరు పెట్టుకుని తలుపు తట్టేవాళ్లంటే
నాకు కొంచెం భయం. నువ్వు కాదులే."

రాత్రి పదకొండుకి ఫార్సీ రేడియోలో వార్తలు చదువుతుంది.
పోయిన వారం చదివింది:
జీతం పెంచమన్నందుకు
ఇద్దరు బస్సు డ్రైవర్లకు ఆరేసి ఏళ్లు.
అదే రోజు అదే సర్కారు పెద్దమనిషి
పరాయి దేశపు సభలో నిలబడి
లోకంలోని పీడితులందరి తరఫునా కళ్లు తుడుచుకున్నాడు.

ఇంట పులి, వీధిన పిల్లి అనేది మా నాయనమ్మ.
చెప్పాను. తల అడ్డంగా ఊపింది.
"ఇంట పులే. సభలో సాధువు.
నా వీధిలో మాత్రం
చొక్కా మార్చుకుని వచ్చిన అదే పులి."
కిటికీ వైపు చూడకుండానే చెప్పింది,
నెల రోజులుగా ఎదుటి ఫుట్‌పాత్ దగ్గర
ఇంజన్ ఆపకుండా ఆగే మోటర్‌సైకిల్ సంగతి.
రోజూ దారి మార్చమన్నారట పోలీసులు. తాళం మార్చమన్నారట.
పేరు మార్చమని ఇంకా అనలేదు.

స్క్రూలు విప్పుతూ లెక్కపెట్టాం
ఇద్దరికీ ఉమ్మడి మాటలెన్నో.
సర్కారు. హుకుం. ఖైదు. జరిమానా.
ఫిర్యాదు, వకీలు, రసీదు.
అన్నీ కచేరీ మాటలే,
నిజాం వదిలిపోయిన బీరువాలోవి.

రసీదు దగ్గర ఆగిపోయింది.
విప్లవం గెలిచిన రోజు మిద్దెక్కి అరిచి
వీధంతా మిఠాయి పంచినవాడు వాళ్ల నాన్న.
తొమ్మిదేళ్లకి జైలు గేటు దగ్గర
రసీదు మీద సంతకం పెట్టి ఒక సంచీ తెచ్చుకున్నాడు.
తమ్ముడు సియామక్ చేతి గడియారం, కళ్లద్దాలు,
ఒక మేజోడు.
"రెండోది ఏదని నాన్న అడగలేదు.
నేను ఇక్కణ్ణుంచి అడుగుతున్నాను, అంతే.
నా నేరం అదొక్కటే."

"ఆ రోజు తలుపు విరగ్గొట్టారా?"
నా వృత్తి అడిగించింది.
"లేదు, అమ్మే తీసింది.
రెండే ప్రశ్నలు, అరగంటలో పంపిస్తామన్నారు.
చాయ్ కూడా తాగారు."

చేతిలో ఇత్తడి తాళం వైపు చూసుకున్నాను.
ఆరు పిన్నులు. పదేళ్ల గ్యారంటీ.

అప్పుడే ఫోను మోగింది.
రష్త్ నుంచి వాళ్లమ్మ. గొంతు సన్నగా,
దాని వెనకాల ఇంకెవరిదో ఊపిరి, బరువుగా.
నాకు ఒక్క మాటే దొరికింది, నారంజ్.
మన నారింజే.

"ఇంటికి రమ్మంటోంది.
పెరట్లో నారింజ విరగకాసిందట, కోసేవాళ్లు లేరట."
మంచిదే కదా అనబోయాను.
"ఆ చెట్టు కొట్టేసి పదకొండేళ్లు.
మొద్దు మీద అమ్మ బట్టలుతుకుతుంది."

వాన చప్పుడు.
ఎనభై ఒక్కేళ్ల మనిషిని పక్కన కూచోబెట్టుకుని
మాట మాటా పలికించినవాడికి
పెరట్లోకి తొంగిచూసే తీరిక లేకపోయింది.

కొత్త తాళం బిగించి మూడు చెవులిచ్చాను.
ఒకటి తీసుకుంది.
మిగతా రెండూ ఎవరికివ్వాలో తెలియక
అరచేతిలో అటూ ఇటూ దొర్లించింది.
అలవాటుగా రసీదు పుస్తకం తెరిచి,
మూసేశాను.

బయట మోటర్‌సైకిల్ లేదు.
అది మంచి సంగతో కాదో
నేనింకా నేర్చుకోలేదు.